ష్చెపాన్‌స్కీల పోస్టు

మమ్మల్ని ఒక చిన్న ఊరి షోగ్రౌండ్లో దింపారు. ఏడాదికోసారి ఆవులకీ గొర్రెలకీ పోటీలు పెట్టే మైదానం అది. సిడ్నీ నుంచి ఎనిమిది గంటల ప్రయాణం. మధ్యాహ్నం మూడే అయింది గానీ హెడ్‌లైట్లు వేసుకునే వచ్చాం, అంత పొగ. లారీ మీంచి దూకగానే బూట్ల కింద బూడిద కరకరలాడింది. ఎండ నలభై రెండు. మాస్కు పెట్టుకుంటే ఊపిరాడదు, తీస్తే దగ్గు ఆగదు.

సిడ్నీలో మేముండే క్వేకర్స్ హిల్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా నన్నడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఆర్మీలో చేశారట కదండీ, ఏ బోర్డర్?" బోర్డరూ లేదు, గీర్డరూ లేదు అంటాను. నేను ఆస్ట్రేలియా సైన్యం రిజర్వులో సాపర్‌గా చేశాను. సాపర్ అంటే రోడ్డు తెరిచేవాడు, వంతెన వేసేవాడు, అడ్డమొచ్చింది తొలగించేవాడు. వారమంతా వెస్ట్‌మీడ్‌లో ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే ఉద్యోగం. నెలకో వీకెండు యూనిఫాం. మోకాలు అరిగి ఇప్పుడు బయటికొచ్చేశాను గానీ, అప్పటికింకా ఉన్నాను. ఆ ఎండాకాలం కొండలు అంటుకున్నప్పుడు మమ్మల్ని కూడా పిలిచారు. తుపాకీ పట్టుకోని డ్యూటీ కూడా డ్యూటీయేనా అని ఒకాయన మొన్న పులిహోర తింటూ నవ్వాడు. ఒళ్ళు మండింది. ఆయనకి చెప్పలేదు, మీకు చెబుతాను.

గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్డులో ఆర్డర్లు ఇచ్చారు. లెఫ్టినెంటు చిన్నపిల్ల. గొంతు మాత్రం కంచు. బల్ల మీద మ్యాపు పరిచి, పెన్సిలు మొనతో చూపించింది.

"ఒకటే లోయ. ఒకటే రోడ్డు. మధ్యలో ఒకటే చెక్క వంతెన. కాలిన చెట్లు రోడ్డుకి అడ్డంగా పడి ఉన్నాయి. వాటిని కోసి దారి తెరవాలి. మంట ఇప్పుడు దక్షిణం కొండకి అవతల ఉంది. రేపు మధ్యాహ్నం గాలి దక్షిణం నుంచి మొదలవుతుంది. మొదలైతే మంట కొండ దిగి లోయలోకి వస్తుంది. రెండింటికల్లా అందరూ వంతెనకి ఇవతల ఉండాలి. ప్రశ్నలు?"

"లోయలో జనం ఉన్నారా మేడమ్?" అన్నాను.

"ఒక్కడు. ముసలాయన. ఫైర్ బ్రిగేడ్ వాళ్ళు రెండుసార్లు వెళ్ళి బతిమాలారు. రానన్నాడు."

"ఎత్తుకొచ్చేస్తే పోలే?"

"చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. సైన్యానికి ఆ అధికారం లేదు. అడగొచ్చు. అంతే."

మా సెక్షన్‌ని నడిపేది కార్పొరల్. ఆయన ఛాతీ మీద కుట్టిన ఇంటిపేరు పట్టీ, జేబు వెడల్పు చాలక అంచుకి తగిలేది. ష్చెపాన్‌స్కీ. పోలండ్ పేరు. మనిషి పుట్టిందీ పెరిగిందీ టాస్మేనియాలో. ఆ పేరు దళంలో ఒక్కడి నోరూ తిరగలేదు. అందరూ షెప్ అనేవాళ్ళు. ఇక్కడ గొర్రెలు కాసే కుక్కలకి పెట్టే పేరది. ఆయన పలికేవాడు. మాట మహా పొదుపు. మూడు మాటల్లో అయ్యేదానికి నాలుగోది వాడడు. అబద్ధం చెప్పడు, జోకు కూడా వెయ్యడు. అయినా ఆయన వెనక నడుస్తుంటే మాకు గుండె ధైర్యంగా ఉండేది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి నాదీ చెప్పేస్తాను. మనకి ఇంటిపేరు ముందు కదా. సైన్యంలో చేరినప్పుడు 'లాస్ట్ నేమ్' అడిగితే చివర రాసుకునే పేరు కాబోలనుకుని నా సొంత పేరే ఇచ్చాను. దాంతో నా ఛాతీ మీద కోటేశ్వరరావు అని పడింది. ముప్పాళ్ళ వారి వంశం జేబు లోపలికి పోయింది. దళానికి నేను కోటీని. యూనిఫాంలో దిగిన ఫోటో ఊరికి పంపితే మా అన్నయ్య ఫోన్ చేసి, "అంతా బానే ఉంది గానీ, మన ఇంటిపేరేదిరా వెధవా?" అని గంటసేపు తిట్టాడు.

డ్రైవర్ నాయుడు. వాళ్ళ ముత్తాత నెల్లూరు వైపు నుంచి ఫిజీ చెరుకు తోటల పనికి వెళ్ళాడట. ఫిజీలో గొడవలయ్యాక వీళ్ళ అమ్మానాన్నలు సిడ్నీ వచ్చేశారు. ఇంగ్లీషూ, ఫిజీ హిందీ, వాళ్ళ అవ్వ నేర్పిన పాత తెలుగూ కలగలిపి మాట్లాడతాడు. నాకంటే చిన్నవాడై ఉండి నన్ను అబ్బాయా అంటాడు. ఆ గొంతు వింటే మా నెల్లూరు పిన్ని గుర్తొచ్చేది.

ఆ సాయంత్రం రేషన్ ప్యాకెట్లలో బీన్సు వేడి చేసుకుంటూ కూర్చున్నాం. నాయుడు కార్పొరల్‌ని కదిపాడు.

"బాస్, మీ ఇంట్లో మీరే ఫస్ట్ సోల్జరా?"

"కాదు. తాత."

"ఎక్కడ?"

"టోబ్రుక్."

ఇంకేమీ అనడనుకున్నాం. బీన్సు అయిపోయాక తనే మొదలెట్టాడు. ఆయన దగ్గర అంత పొడుగు మాట వినడం మాకదే మొదలు. రెండో ప్రపంచ యుద్ధం నాటి సంగతి. ఉత్తర ఆఫ్రికాలో ఎడారి ఒడ్డున టోబ్రుక్ రేవు. చుట్టూ జర్మన్లు. లోపల ఆస్ట్రేలియా వాళ్ళు నెలల తరబడి గోతుల్లో ఉండి కాపలా కాశారు. వాళ్ళ స్థానంలోకి పోలండ్ బ్రిగేడ్ వెళ్ళింది. ఈయన తాత ఒక గోతిలోకి దిగాడు. అందులో ఉన్న ఆస్ట్రేలియా సైనికుడు అలిసి నిలబడలేకపోతున్నాడు. అయినా వెంటనే పోలేదు. ఎదర ఏముంది, పక్కన ఎవరున్నారు, నీళ్ళెక్కడ, తప్పుకునే దారేది, అన్నీ చేత్తో చూపించాడు. చివర్న ఆ కాపలా పోస్టు చూపించి అడిగాడు. పోస్టు నీదేనా? ఈయన తాతకి ఇంగ్లీషు రాదు. నాదే అన్నట్టు తల ఊపి తన పేరు చెప్పాడు. అప్పుడు పోయాడు ఆ ఆస్ట్రేలియా వాడు.

"ఆ మనిషి కోసమే ఈ దేశం వచ్చాడు తాత" అన్నాడు కార్పొరల్. "యుద్ధం అయ్యాక వెళ్ళడానికి ఊరు లేదు. ఊరు రష్యా వాళ్ళ వైపు పోయింది. మా వాళ్ళెవరూ మిగల్లేదు. ఇక్కడ ఆనకట్టల పనిలో చేరాడు. మా నాన్న ఒక్కడే కొడుకు. నేనొక్కణ్ణే."

"అంటే ఈ పేరుకి మీరే ఆఖరా?" అన్నాన్నేను.

"నాకు తెలిసినంత వరకు."

నాకెందుకో ప్రాణం ఉసూరుమంది. మా ముప్పాళ్ళ వాళ్ళు గుంటూరు జిల్లాలో రాయి విసిరితే తగులుతారు.

మర్నాడు వెలుగు రాగానే లోయలోకి దిగాం. ముందు కార్పొరల్, లోడర్ యంత్రం. వెనక మేము రంపాలతో. ముంజేతుల దాకా గ్లవ్స్, కాళ్ళకి రంపం తగిలినా తెగని కవచాలు, హెల్మెట్, కళ్ళద్దాలు. వీపు మీద మూడు లీటర్ల నీళ్ళ సంచి. గంటకే అది ఖాళీ. కాలిన చెట్టు మోసకారిది. బయటికి నిలబడే ఉంటుంది, వేళ్ళు లోపల కాలిపోయి ఉంటాయి. చప్పుడు చెయ్యకుండా మీద పడుతుంది. అందుకని ఒకడు కోస్తుంటే ఇంకొకడు తలెత్తి పైకే చూస్తుండాలి. పిట్టన్నది లేదు. కంగారూలు రోడ్డు పక్కనే నిలబడి మా రంపాల మోతకి కూడా బెదరలేదు. పాపం వాటికి పోవడానికి ఎక్కడుంది?

పదిన్నరకి వంతెన చేరాం. దాని అవతలి దూలం ఒకటి కాలి కుంగింది. దానికి కొయ్య ఆసరా పెట్టాలి. కార్పొరల్ అక్కడ ఆగాడు.

"కోటీ. నాయుడు. ముందుకెళ్ళి ముసలాయన్ని చూడండి. అడగండి. వస్తే తీసుకురండి."

కుంగని పక్క నుంచి లారీని మెల్లగా వంతెన దాటించాం. అక్కణ్ణుంచి ఐదు కిలోమీటర్లు, అటు అడవి ఇంకా కాలలేదు, దారికి అడ్డం లేదు. రోడ్డు అక్కడితో ఆఖరు. గేటు పక్కన పాల డబ్బాతో చేసిన ఉత్తరాల పెట్టె. దాని మీద తెల్ల పెయింటుతో ఇంటివాళ్ళ పేరు. లారీ ఆగకముందే దూకాను.

"నాయుడూ! చూడు! చూడవయ్యా!"

"ఏందబ్బాయా, పామా?"

"పాము కాదు. ష్చెపాన్‌స్కీ!"

అక్షరం పొల్లుపోకుండా అదే పేరు. నాయుడు నోరు తెరిచాడు. నాకు ఒళ్ళు జలదరించింది. మనవాళ్ళు దీన్ని ఎలా తీసుకుంటారు చెప్పండి? ఒకటే ఇంటిపేరంటే ఒకటే వంశం. ఏ ఊరివాడైనా సరే, వరస అన్నదమ్ములే. మా ఊళ్ళో ముప్పాళ్ళ వాళ్ళ పిల్లకి ఇంకో ముప్పాళ్ళ సంబంధం ఎంత గొప్పదొచ్చినా చెయ్యరు. ఒక ఇంట్లో చావైతే అందరికీ మైల. ఆ లెక్క నా రక్తంలో ఉంది. ఆఖరివాణ్ణనుకుంటున్న మా కార్పొరల్‌కి దాయాది దొరికాడని ఎగిరి గంతేశాను.

ముసలాయన ఇంటి కప్పు మీద ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. నిచ్చెన వేసుకుని, నిప్పురవ్వలు పడితే ఆరిపోయేలా పైన వాన నీటి కాలవల్లో గుడ్డలు కుక్కి నీళ్ళు నింపుతున్నాడు. కింద డీజిల్ పంపు దడదడ కొట్టుకుంటోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. రమ్మని కాదు, పొమ్మని.

"టైమ్ వేస్ట్ చేసుకోకండి బాయ్స్. నేను కదలను. ఈ ఇల్లు మా నాన్న కట్టాడు. నాకప్పగించి పోయాడు. నేను వియత్నాం యుద్ధంలో చేశాను, నాకు ఆర్డర్లు తెలుసు. పోస్టు వదిలి పోకూడదు."

"సర్, గాలి తిరుగుతుంది సర్."

"తిరగనీ. పెళ్ళామా, పిల్లలా? నా వెనక ఎవరున్నారు ఏడవడానికి?"

అదిగో, ఆ మాటతో నేనాగలేకపోయాను.

"ఉన్నారు సర్! మా కార్పొరల్ మీ వాడే. మీ ఇంటిపేరే. మీ రక్తం. అదుగో, ఆ వంతెన దగ్గరే ఉన్నాడు. వాళ్ళ తాత టోబ్రుక్‌లో చేశాడు."

ముసలాయన చేతిలో గుడ్డ జారి కింద పడింది. నిచ్చెన దిగడానికి చాలాసేపు పట్టింది ఆయనకి. దిగి నా ముందు నిలబడ్డాడు. నీలం కళ్ళు, పొగకి ఎర్రబడి ఉన్నాయి.

"మా నాన్నా టోబ్రుక్‌లోనే" అన్నాడు. "ఆయనకో తమ్ముడు. యుద్ధంలో తప్పిపోయాడు. చచ్చిపోయే దాకా వాడి గురించే అడిగాడు. ఆ కార్పొరల్‌ని ఇక్కడికి పిలు. నా కళ్ళతో చూస్తే నమ్ముతాను. చూస్తే వస్తాను."

రేడియో అందుకున్నాను. మా సంకేతాలతో కార్పొరల్‌ని పిలిచాను.

"టూ వన్, టూ వన్ చార్లీ. ముసలాయన మీరొస్తే వస్తానంటున్నాడు. మీ బంధువు బాస్. ఓవర్."

"మళ్ళీ చెప్పు."

"మీ బంధువు. ఇంటిపేరు మీదే. ఓవర్."

 రేడియోలో ఆయన వెనక వినబడుతున్న సుత్తి దెబ్బలు ఆగిపోయాయి.

"ఉండు. వస్తున్నా. అవుట్."

లోడర్ వేసుకునే వచ్చేశాడు. వంతెనకి ఆసరా నిలబడ్డాక మిగతా పని ఇంకొకడికి అప్పగించి వచ్చాడట. దిగి, హెల్మెట్ తీసి, గేటులోంచి లోపలికి నడిచాడు. ముసలాయన ఆయన మొహం వంకే చూస్తున్నాడు. ముక్కు, దవడ, చెవులు. పెళ్ళిచూపుల్లో మన పెద్దవాళ్ళు చూస్తారే, అలా పోలికలు వెతుకుతున్నాడు.

"నీ పేరు?"

"షెప్, సర్."

"కుక్కనడగలేదు. నిన్నడిగాను."

కార్పొరల్ మెడ నిటారుగా అయింది. "ష్చెపాన్‌స్కీ."

ముసలాయన ఆ పేరు తిరిగి పలికాడు. ఒక్క అక్షరం తడబడకుండా, చక్కెర చప్పరించినట్టు పలికాడు. తన ఇంట్లోవాళ్ళు కాకుండా తన పేరు అలా పలికిన మనిషిని కార్పొరల్ ఎప్పుడూ చూడలేదట. తర్వాత చెప్పాడు.

"మీ తాతది ఏ ఊరు?"

నాయుడు నా చెవిలో గొణిగాడు. "తూర్పో పడమరో, ఈయనదే ముందు కనుక్కుని, అదే నాదీ అనమను బాస్‌ని అబ్బాయా. ముసిలాయన లారీ ఎక్కేదాకా చాలు."

నాకూ అదే అనిపించింది. ఒక్క అబద్ధం. ఒక్కటి ఆడితే ఆ ప్రాణం దక్కుతుంది. కార్పొరల్ వంక చూసి కళ్ళతోనే దణ్ణం పెట్టాను.

"ల్వూఫ్ పక్కన పల్లె, సర్" అన్నాడు కార్పొరల్.

ముసలాయన భుజాలు జారిపోయాయి. "మాది పోజ్నాన్ వైపు. పోలండ్‌కి అది ఒక చివర, ఇది ఒక చివర."

"అవును సర్. ఈ పేరు పోలండ్‌లో చాలా ఊళ్ళలో ఉందట. ఒకరికొకరు ఏమీ కారు. నేను మీ వాణ్ణి కాదు. మా సాపర్ మంచి మనసుతో అన్నాడు. తెలియక అన్నాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. శ్రీకాకుళం వాణ్ణీ అనంతపురం వాణ్ణీ పట్టుకుని అన్నదమ్ములంటూ కలిపినట్టయింది. కార్పొరల్ మీద పిచ్చి కోపమొచ్చింది కూడా. నిజాయితీ తగలెయ్య, మనిషి కాలిపోతాడయ్యా అని అరవాలనిపించింది. ముసలాయన వంగి గుడ్డ తీసుకుని మళ్ళీ నిచ్చెన వైపు నడిచాడు. టైము పన్నెండూ పది. కొండ మీద పొగ తెల్లరంగు పోయి నల్లబడుతోంది.

కార్పొరల్ కదల్లేదు. ఇల్లు చూశాడు, పంపు చూశాడు, కొండ చూశాడు. తర్వాత హెల్మెట్ పెట్టుకుని బకిల్ బిగించాడు. నిచ్చెన ముందుకెళ్ళి మడమలు కలిపి అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"సర్. మీరన్నది కరెక్టే. పోస్టు వదిలి పోకూడదు. కానీ బదులు మనిషి, రిలీఫ్ వస్తే అప్పగించి పోవచ్చు. నేను రిలీఫ్. కార్పొరల్ ష్చెపాన్‌స్కీ. పోస్టు తీసుకోడానికి వచ్చాను."

ముసలాయన రెండో మెట్టు మీద ఆగిపోయాడు.

"నువ్వు ఇక్కడ ఉంటావా?"

"అబద్ధం చెప్పను. రెండింటికి వంతెన దాటాలని నాకు ఆర్డర్. అంతవరకూ ఈ పోస్టు నాది. ఆర్డర్ వచ్చాక పోతాను. ఆఖర్న పోయేది నేనే."

 ఆ ముసలాయన మెల్లగా వెనక్కి తిరిగాడు.  ఒక్కసారిగా ఆయన నడుం నిటారయింది. ఏళ్ళు వెనక్కి పోయి సైనికుడైపోయాడు.

"ఎదర దక్షిణం కొండ. మంట ఆ గ్యాప్‌లోంచి వస్తుంది, వేరేచోట్నించి రాదు. పడమటి కిటికీ బలహీనం, అద్దం పాతది. నీళ్ళు చెరువులోంచి, పంపు గంటకోసారి వేడెక్కి ఆగుతుంది, తడిగుడ్డ కప్పాలి. ప్లాస్టిక్ పైపు ముందు కరుగుతుంది. ఆవులు కింది మడిలో ఉన్నాయి, ఉత్తరం గేటు తెరిస్తే వాగులోకి పోతాయి. అక్కడ తడి ఉంది. తప్పుకునే దారి మీరొచ్చిందే. ఇంకోటి లేదు."

కార్పొరల్ ఒక్కొక్కటీ తిరిగి చెప్పాడు. కిటికీ. పంపు. పైపు. ఉత్తరం గేటు. వాగు.

"పోస్టు నీదేనా?" అన్నాడు ముసలాయన.

"నాదే. ష్చెపాన్‌స్కీ."

అంతే. ఆ పెద్దమనిషి ఇంట్లోకి వెళ్ళలేదు. ఏమీ తీసుకోలేదు. టోపీ సర్దుకుని సూటిగా లారీ దగ్గరకి నడిచి నాయుడి పక్కన ఎక్కి కూర్చున్నాడు. నాయుడు కళ్ళు తుడుచుకుంటూ గేరు వేశాడు. పొగ వల్ల అని వాదించాడు నాతో తర్వాత. ఏ పొగో నాకు తెలియదా?

మేమిద్దరం మిగిలాం. కార్పొరల్ లెఫ్టినెంటుకి రేడియోలో చెప్పాడు. ముసలాయన బయల్దేరాడు, రెండింటి వరకూ మంట దాటకుండా ఇంటి చుట్టూ మట్టి గీత కొట్టడానికి పర్మిషన్ కావాలి. ఆవిడ అరక్షణం ఆలోచించింది. "ఒంటిగంటన్నర. ఒక్క నిమిషం ఎక్కువ కాదు" అంది. ఆయన లోడర్‌తో ఇంటి దక్షిణాన గడ్డి గీకేశాడు, ఎర్రమట్టి తేలేదాకా. నేను ఉత్తరం గేటు తెరిచి ఆవుల్ని హైహై అంటూ తోలాను. తెలుగులోనే తిట్టాను, అర్థమయినట్టే పరిగెత్తాయి. పడమటి కిటికీకి రేకు కొట్టాం. పంపు మీద తడిగుడ్డ కప్పాం. గోడలు తడిపాం. మన ఇల్లే అన్నంత ఆత్రంగా చేశాం.

రేడియో పలికింది. "అందరూ వెనక్కి. ఇప్పుడే."

కార్పొరల్ పంపు ఆపలేదు, నడుస్తూనే వదిలాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాడు. ఆయన దవడ బిగుసుకుని ఉంది. ఉండిపోదామని ఆ మనిషికి ఎంత ఉందో నాకు తెలిసింది. కానీ ఆర్డర్ ఆర్డరే. వచ్చేశాం. మేం వంతెన దాటాక గాలి తిరిగింది. వెనక నుంచి ఇటుకబట్టీ తలుపు తీసినట్టు వేడి కొట్టింది. ఆ కొండంతా ఒక్కసారిగా లోయలోకి దిగి రావడం మేము వంతెన ఇవతల నిలబడి చూశాం. 

మర్నాడు మధ్యాహ్నం లోపలికి మొదట వెళ్ళింది మా సెక్షనే. ఇల్లు లేదు. పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంది. పంపు కరిగి ముద్దయింది. మేం కొట్టిన రేకు వంకర తిరిగి బూడిదలో పడి ఉంది. కార్పొరల్ ఆ పొగగొట్టం చుట్టూ ఒక రౌండు తిరిగాడు. తర్వాత వాగులోకి దిగాం. నల్లబడ్డ రెల్లుగడ్డి మధ్య ఆవులు నిలబడి ఉన్నాయి, ఒళ్ళంతా మసి పూసుకుని. ఒకటి నన్ను చూసి అంబా అంది. దాని మెడ కౌగిలించుకుని ఏడ్చాను. ఏడవక?

సాయంత్రం షోగ్రౌండుకి వచ్చాం. హాల్లో మంచాలు వేసి ఇళ్ళు పోయినవాళ్ళకి వసతి పెట్టారు. ముసలాయన ఒక కుర్చీలో కూర్చున్నాడు. ఎవరో దానమిచ్చిన ఫుట్‌బాల్ చొక్కా, రెండు సైజులు పెద్దది. ఎదురుగా బల్ల దగ్గర వాలంటీర్ అమ్మాయి వచ్చినవాళ్ళ వివరాలు అడుగుతోంది. కార్పొరల్ సూటిగా ఆయన ముందుకెళ్ళి నిలబడ్డాడు. నేనూ నాయుడూ వెనక.

"సర్. పోస్టు నిలబెట్టలేకపోయాను. ఇల్లు పోయింది. ఆవులు ఉన్నాయి, అన్నీ."

ముసలాయన కళ్ళెత్తాడు. "మీ వాళ్ళు?"

"అందరూ క్షేమం, సర్."

"అయితే సరే" అన్నాడు. "ఆ గోడలు కట్టినప్పుడు నేను ఇటుకలు మోశాను. మా నాన్న తిట్టేవాడు, వంకరగా పెట్టావని."   తర్వాత నన్ను వేలితో పిలిచాడు. "ఏమయ్యా. వీడు నా రక్తమని ఎందుకన్నావు?"

తప్పించుకోవడం నాకు చేతకాలేదు. "మా వైపు ఒకే ఇంటిపేరైతే అన్నదమ్ముల కిందే లెక్క సర్. ఏ ఊరని అడగరు. మీకూ అంతే అనుకున్నాను. క్షమించండి."

ఆయన నవ్వాడో లేదో చెప్పలేను. ఈలోగా వాలంటీర్ అమ్మాయి వచ్చి ఆయన పక్కన వంగింది.

"సర్, ఒక్క విషయం మిగిలింది. మీకేమైనా అయితే ఎవరికి చెప్పాలి? నెక్స్ట్ ఆఫ్ కిన్?"

ముసలాయన కార్పొరల్ చొక్కా మోచేతి దగ్గర పట్టుకున్నాడు. మసి పట్టిన గుడ్డ పిడికిట్లో నలిగిపోయేంత గట్టిగా పట్టుకున్నాడు.

అమ్మాయి కార్పొరల్ వంక చూసింది. "మీరా? ఈయనకి మీరేమవుతారు?"

నిన్న ఒక ప్రాణం దక్కుతుందన్నా అబద్ధం ఆడని మనిషి ఆయన. నాకు భయమేసింది. ఏమంటాడో, మళ్ళీ ఏ ల్వూఫో ఏ పోజ్నానో అంటాడేమోనని. కార్పొరల్ కొంచెం కూడా ఆలోచించలేదు.

"కుటుంబం" అన్నాడు.

మేము ఇంకా పన్నెండు రోజులు అక్కడున్నాం. కంచెలు కట్టాం, చచ్చిన పశువుల్ని పూడ్చాం, వంతెన కొత్తగా వేశాం. తర్వాత సిడ్నీ. ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇంట్లో ఫ్యాన్ తుడవమంటే నడుం నొప్పంటారు, అక్కడ అడవులకి అడవులు నరికొచ్చారా?" అంది. అని వెంటనే ఏడ్చేసింది. మా అమ్మాయి నా మొహంలో మొహం పెట్టి, "నాన్నా, వర్ యూ స్కేర్డ్?" అంది. భయపడ్డానమ్మా అన్నాను. భయపడ్డాను, గర్వపడ్డాను, రెండూ అన్నాను. ఎందుకు గర్వమంటే దానికి చెప్పడం రాలేదు. ఆ దళంలో నిలబడ్డందుకు. ఆ కార్పొరల్ వెనక నడిచినందుకు. ఆ పెద్దాయన లారీ ఎక్కినప్పుడు నేనక్కడ ఉన్నందుకు.

మంట కలలోకి రావడం ఎప్పుడో మానేసింది. మానంది ఒక్కటే. రాత్రి కళ్ళు మూసుకుంటే వచ్చేస్తుంది. ఫుట్‌బాల్ చొక్కా వేసుకున్న ఒక ముసలి పిడికిలి, మసి పట్టిన యూనిఫాం చెయ్యి. వాలంటీర్ అమ్మాయి రాసుకుని వెళ్ళిపోయింది, హాల్లో దీపాలు వేశారు, జనం భోజనాలకి లైన్లో నిలబడ్డారు. అయినా ఆ పిడికిలి వదల్లేదు. కార్పొరల్ కూడా చెయ్యి లాక్కోలేదు.